మల్కాపురము శాసనము : ఒక గ్రామమునందలి ప్రజోపయోగ వ్యవస్థలు

ఆంధ్రదేశ చరిత్రను రచించినవారు రాజవంశముల కాలక్రమమును, యుద్ధములను, రాజ్యసీమలను నిర్ణయించుటయందు చూపిన శ్రద్ధను గ్రామజీవనమునందలి నిత్యావసరములను విచారించుటయందు చూపలేదనుట సాహసము కానేరదు. రోగియైన పల్లెవాసికి వైద్యుడు లభించెనా, ప్రసవవేదన పడు స్త్రీకి ఆశ్రయమున్నదా, దారిన పోవు బాటసారికి కూడు దొరకెనా అను ప్రశ్నలు చరిత్రకు బాహ్యములు కావు. ఇట్టి ప్రశ్నలకు కావ్యముల కంటె శాసనములే మిన్నగా సమాధానమీయగలవు. దాతృత్వమును కీర్తించుట కావ్యమునకు ముఖ్యము. శాసనమో, దాని నిర్వహణకు భూమి ఎంత, మనుష్యులెందరు, ఎవరికి ఏ పని అను లెక్కను సైతము చెప్పును.

మన పూర్వులు పుణ్యకార్యములను సప్తసంతానములని ఏడుగా లెక్కించిరి. తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు అనునవి ఆ ఏడు. ఈ పట్టికలో చెరువు కలదు, తోట కలదు, గుడి కలదు. వైద్యశాల మాత్రము లేదు. ఆంధ్రదేశమున వేలకొలదిగా లభించిన దానశాసనములలో వైద్యశాలల ప్రస్తావన అరుదగుటకు ఇదియొక కారణమై యుండునని మా అభిప్రాయము. కీర్తి లభించు మార్గములు సంప్రదాయముచే నిర్ణీతములైనపుడు దాతలు సామాన్యముగా ఆ మార్గముననే నడతురు గదా! ఈ సామాన్యధర్మమునకు విశిష్టమైన అపవాదముగా నిలుచునది మల్కాపురము శాసనము. ఇందొక గ్రామమున ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు, విద్యామఠమును, అన్నసత్రమును ఒక్కచోట ఏర్పరుపబడినవి. అవి ఎట్టివి, వాని వాకిళ్లు ఎవరికి తెరువబడినవి, ఏ ఆధారముపై నిలిచినవి అను మూడు విషయములను ఈ వ్యాసమున విచారింతుము.

శాసనము - స్థలకాలములు

మల్కాపురము గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణమున మందడమునకు చేరువనున్న గ్రామము. ఇచ్చట నందివిగ్రహము శిరమునందు గల శిలాస్తంభముపై ఈ శాసనము చెక్కబడినది. భాష ప్రధానముగా సంస్కృతము, లిపి తెలుగు. కాలము శాలివాహన శకము 1183, దుర్మతి సంవత్సరము, అనగా క్రీ.శ. 1261. జయంతి రామయ్యపంతులుగారు దీనిని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికయందు పరిష్కరించి ప్రకటించిరి. తరువాత నిది దక్షిణభారత శాసనముల పదవ సంపుటమునందు చేరినది. అప్పటినుండియు కాకతీయ చరిత్రకును, శైవమత చరిత్రకును ఇది ముఖ్యాధారముగా పరిగణింపబడుచున్నది.

దానగ్రహీత విశ్వేశ్వరశంభువు. ఇతడు కాకతి గణపతిదేవునకు దీక్షాగురువు. గౌడదేశమునందలి దక్షిణరాఢలోని పూర్వగ్రామమునకు చెందినవాడు. భాగీరథీ నర్మదల నడుమనున్న డాహల మండలమున వెలసిన గోళకీమఠ పరంపరకు చెందిన ఆచార్యుడు. ఆ మఠమును స్థాపించిన సద్భావశంభువునకు కలచురి ప్రభువైన యువరాజదేవుడు మూడులక్షల గ్రామముల సీమను భిక్షగా నొసగెనని శాసనము చెప్పుచున్నది. ఈ సంఖ్య కవిసమయమో, ఆదాయగణనకు సంబంధించిన పరిభాషయో కావచ్చును. దీనిని అక్షరార్థమున గ్రహింపనక్కరలేదు. మనకిచట గ్రాహ్యమైన విషయమేమనగా, మధ్యభారతమున రాజాదరణచే విస్తరించి, ధనమును విద్యను కూడ నిర్వహింపనేర్చిన ఒక సంస్థ పదుమూడవ శతాబ్దమున ఆంధ్రదేశమున వేళ్లూనినది. గ్రామమును నడపు నేర్పు ఆ సంస్థకు క్రొత్త కాదు.

గణపతిదేవుడు కృష్ణవేణికి దక్షిణతీరమునందలి మందర గ్రామమును గురువునకు వాగ్దత్తము చేసెను. ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ వాగ్దానమును శాసనబద్ధ మొనర్చి, వెలంగపూండి గ్రామమును తన దానముగా దానికి జేర్చెను. మందరమే నేటి మందడము. వెలంగపూండియే నేటి వెలగపూడి. ఈ రెండు గ్రామముల భూమిపై విశ్వేశ్వరశంభువు తన పేరిట విశ్వేశ్వరగోళకి అను అగ్రహారమును నిర్మించెను. రాణి చేసిన దానమునకును, గురువు చేసిన వినియోగమునకును గల భేదమును పాఠకులు గమనింపవలెను. భూమి రాజ్యమునది, పథకము ఆచార్యునిది.

భూమి విభాగము

మొదట 60 బ్రాహ్మణ కుటుంబములు అగ్రహారమున నివాసముగా నిలుపబడినవి. ఒక్కొక్క కుటుంబమునకు రెండేసి పుట్ల భూమి యీయబడినది. అనగా 120 పుట్ల భూమి వారి జీవనమునకై వేరుపడినది. పుట్టి యను భూమానము సీమకొక తీరుగ నుండుటచే దీనిని నేటి ఎకరములలోనికి మార్చి చెప్పుట క్షేమకరము కాదు.

మిగిలిన భూమిని మూడు భాగములుగా విభజించిరి. ఒక భాగము శివాలయమునకు. రెండవ భాగము విద్యార్థుల భోజనమునకును శుద్ధశైవమఠమునకును. మూడవ భాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును నిర్దేశింపబడినది. ఈ విభాగమున గుడికెంత వాటాయో ప్రజారోగ్యమునకును అన్నదానమునకును కలిపి అంత వాటా కలదు. దేవాలయము ప్రధానమై తక్కిన ధర్మములు దాని మిగులుబడిపై ఆధారపడు పద్ధతి మన దేశమున సర్వసాధారణము. ఇచట నట్లు గాక, వైద్యమునకు ప్రత్యేక వృత్తి ఏర్పడుటచే, పండుగ ఖర్చు పెరిగినను రోగి మందునకు లోటు రాకూడదను భావము స్పష్టమగుచున్నది. దాత మనస్సును తెలిసికొనుటకు ప్రశస్తిశ్లోకముల కంటె ఈ భాగపంపకమే నమ్మదగిన సాక్ష్యము.

ఉద్యోగులు

ఋగ్యజుస్సామవేదములను బోధించుటకు ముగ్గురును, వ్యాకరణ తర్క సాహిత్యాది శాస్త్రములను ఆగమములను వ్యాఖ్యానించుటకు ఐదుగురును నియమింపబడిరి. ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడును ఉండిరి. మఠమునకును పాకశాలకును పరిచారకులు వేరుగా గలరు. దేవాలయమున పదిమంది నర్తకులు, మద్దెలవారు, గాయనులు, ఒక కాశ్మీరదేశీయుడు మొదలగువారు కొలువుండిరి. వీరభద్రులను పేర గ్రామరక్షకులు పదుగురు నియుక్తులైరి. కంసాలి, కంచరి, కాసె, మేదరి, కమ్మరి, కుమ్మరి, స్థపతి, వడ్రంగి, మంగలి మొదలగు వృత్తులవారికిని ఈ ఏర్పాటున స్థానము కలదు. వీరందరికిని భూమి రూపమున జీతము వంశపారంపర్యముగా నొసగబడినది. వీనినన్నిటిని పర్యవేక్షింపవలసిన గోళకీవంశాచార్యునకు నూరు నిష్కములు వేతనము.

ఈ పట్టికను చదివినపుడు ఇది కేవలము ఒక మఠముయొక్క పరివారము కాదనియు, స్వయంపోషకమైన ఒక గ్రామమునకు వలసిన సమస్తాంగములు నిందున్నవనియు బోధపడును. కుండ పగిలినచో కుమ్మరి, నాగలి విరిగినచో వడ్రంగి, జబ్బు చేసినచో వైద్యుడు, తగవు వచ్చినచో రక్షకుడు. గణపతిదేవుని కాలమునాటి కాకతీయ రాజ్యమున రామప్ప, పాకాల, లక్నవరము వంటి తటాకములు ప్రజలకు నీటిని సమకూర్చినవి. నీటికి చెరువెట్లో తక్కిన అవసరములకు ఈ అగ్రహార మట్లు. రెండింటను అవసరము ఊరి పొలిమేరలోనే తీరవలెనను ఆలోచన కానవచ్చుచున్నది.

ప్రసూతిశాల - ఆరోగ్యశాల

వైద్యసౌకర్యమును ప్రభుత్వధర్మముగా ప్రకటించిన మొదటి శాసనములు మన దేశమున అశోకునివి. మనుష్యులకును పశువులకును చికిత్స, ఓషధుల నాటింపు, దారుల ప్రక్కన బావులు చెట్లు అను విషయములు గల ఆయన రెండవ శిలాశాసనము కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని బండలపైనను కలదు. కావున ఈ ఆదర్శము క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమునందే ఆంధ్రభూమికి తెలియవచ్చినది. అయినను అశోకుని శాసనము ఆజ్ఞను చెప్పునే గాని, ఫలానా ఊరిలో ఫలానా వైద్యునకు ఇంత భూమి యని చెప్పదు.

ఆ వివరమునకు తమిళదేశమునందలి తిరుముక్కూడలు శాసనము ప్రసిద్ధము. చోళ వీరరాజేంద్రుని కాలమున క్రీ.శ. 1067లో వెలసిన ఈ శాసనమునుబట్టి పాలారు, వేగవతి, చెయ్యారు నదుల సంగమస్థలమునందలి ఆలయమున 15 పడకల వైద్యశాల యుండెను. అందొక వైద్యుడు, ఒక శస్త్రచికిత్సకుడు, మందులను వంటచెరకును తెచ్చువారిద్దరు, ఉపచారము చేయు స్త్రీలిద్దరు, ఒక మంగలి పనిచేయుచుండిరి. వైద్యునకు ఏటేట 90 కలముల ధాన్యమును 8 కాసులును ముట్టుచుండెను. నిలువ చేయవలసిన ఔషధముల పేర్లు కూడ అందు పేర్కొనబడినవి. వివరమున తిరుముక్కూడలు మల్కాపురమును మించినది. మల్కాపుర శాసనమున పడకల సంఖ్య లేదు, మందుల పట్టిక లేదు.

ఐనను ఒక్క విషయమున మల్కాపురము విశిష్టమైనది. తిరుముక్కూడలు వైద్యశాల ఆ ఆలయమునకు సంబంధించిన విద్యార్థులకును ఉద్యోగులకును ఉద్దేశింపబడినది. మల్కాపురమున ఆరోగ్యశాలతోపాటు ప్రసూతిశాల ప్రత్యేకముగా పేర్కొనబడినది. ఈ పదముయొక్క ప్రాధాన్యమును ఇంతవరకు తగినంతగా గుర్తింపలేదని మేము తలంచుచున్నాము. మఠమున నుండువారు సన్న్యాసులు, విద్యార్థులు బ్రహ్మచారులు. వారికి ప్రసూతిశాలతో పని లేదు. కాబట్టి ఈ శాల మఠమునకై ఏర్పడినది కాజాలదు. అది గృహస్థులకై, అనగా అగ్రహారమున స్థిరపడిన కుటుంబముల స్త్రీలకై, గ్రామమున పనిచేయు వృత్తులవారి స్త్రీలకై ఏర్పడినదని చెప్పక తప్పదు. ఆరోగ్యశాల మఠమునకు మాత్రమే పరిమితమైనదని వాదించువారికి కొంత అవకాశముండవచ్చును గాని, ప్రసూతిశాల విషయమున ఆ వాదము నిలువదు. ఒక మఠము తన ప్రాకారమునకు వెలుపల నున్నవారి అవసరమును తన వ్యయములలో మొదటి వరుసను నిలిపిన దనుటకు ఈ ఒక్క పదమే సాక్షి.

ఇచట నొక ఆక్షేపణ రావచ్చును. మన దేశాచారమున ప్రసవము ఇంటియందు, విశేషించి పుట్టినింటియందు జరుగును గదా. గ్రామమున ప్రసూతిశాల కెవరు వత్తురు? దీనికి సమాధానము అగ్రహారముయొక్క స్వభావముననే కలదు. ఇది క్రొత్తగా వెలసిన ఊరు. 60 కుటుంబములును, నర్తకులును, గాయనులును, రక్షకులును అన్యప్రదేశములనుండి తెచ్చి నిలుపబడినవారు. పుట్టినిల్లు దూరమైన స్త్రీకి తల్లిగాని పెద్దముత్తైదువగాని చెంత నుండదు. బంధుబలగమున్న పాత ఊరిలో ఇల్లే చేయు పనిని, వలసవచ్చినవారి ఊరిలో సంస్థ చేయవలసి వచ్చెనని ఊహించుట యుక్తియుక్తము.

మఱియొక విషయమును ఇచట చెప్పవలెను. ఉద్యోగుల పట్టికలో వైద్యుడు కలడు. మంత్రసాని పేరు వేరుగా కానరాదు. ప్రసూతిశాల మంత్రసాని లేక నడచుట అసంభవము. తెలుగుదేశమున పలు తావుల మంగలివారి యింటి ఆడువారు కాన్పులు చేయు ఆచారము ఇటీవలివరకు కలదు. శాసనమున మంగలికి వృత్తి కలదు. ఈ రెండింటిని జోడించి, ప్రసూతిశాలయందలి పని ఆ యింటి స్త్రీల చేతిమీదుగా జరిగియుండునేమో యని ఊహింపవచ్చును, నిర్ణయింపజాలము. ఏది యెట్లున్నను, భూమి పొందినవారి పేరు శిలపై నిలిచినది. బిడ్డను చేతులలోనికి అందుకొన్నవారి పేరు నిలువలేదు. శాసనములను చదువునపుడు వానియందు లేనిదానిని గూర్చియు ఆలోచించుట చరిత్రకారుని విధి.

వాకిలి ఎవరికి?

అన్నసత్ర విషయమున శాసనము నిస్సందేహముగా పలుకుచున్నది. శైవతపోధనులకును, కాలాముఖులకును, పాశుపత విద్యార్థులకును అన్నవస్త్రము లీయవలెనని విధించుటయే గాక, బ్రాహ్మణుడు మొదలుకొని చండాలునివరకు ఎవరు వచ్చినను సర్వకాలములందును అన్నము పెట్టవలెనని శాసించినది. పదుమూడవ శతాబ్దమునందలి సంఘస్థితిని ఎరిగినవారికి ఈ వాక్యము సామాన్యమైనదిగా తోచదు.

కొందరు దీనినిబట్టి గోళకీశైవులు కులభేదమును నిరాకరించిరని వ్రాసిరి. అది అతివ్యాప్తి. మూడవ భాగమునందలి సత్రమునకు విప్రసత్రమనియే పేరు. అగ్రహారభూమి బ్రాహ్మణ కుటుంబములకే పంచబడినది. వేదపాఠములకు కులనియమము లేదని చెప్పు మాట శాసనమున లేదు. గోళకీమఠము శైవసిద్ధాంత మార్గమునకు చెందినదే గాని, కులమును బహిరంగముగా ధిక్కరించిన వీరశైవమునకు చెందినది కాదు. అన్నము అందరికిని పెట్టుట వేరు, అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టుట వేరు. ఈ గుంటూరు మండలమునకే చేరువనున్న పల్నాటిసీమలో బ్రహ్మనాయుడు నెరపెనని ప్రసిద్ధి గల చాపకూడు రెండవ కోవకు చెందినది. మల్కాపురమున పంక్తి యెట్లుండెనో శాసనము చెప్పదు.

అట్లని ఆ వాక్యమును తక్కువ చేయుటయు న్యాయము కాదు. సత్రము వాకిట నిలిచిన ఆకలిగొన్నవానిని కులము పేర వెడలగొట్టు అధికారమును శాసనము పరిచారకులనుండి తొలగించినది. వేళ కాదని త్రిప్పిపంపు అధికారమును గూడ తొలగించినది. ధర్మసంస్థలయందు దాత ఉద్దేశము ఉదారముగ నున్నను, ద్వారపాలకుని సంకుచితబుద్ధి దానిని నిష్ఫలము చేయుట లోకానుభవము. ‘ఎవరికి’ అను ప్రశ్నకును ‘ఎప్పుడు’ అను ప్రశ్నకును రాతిపై సమాధానము చెక్కించినవాడు ఈ లోకానుభవ మెరిగినవాడే యగును. సమత్వము వేరు, ప్రవేశము వేరు. మల్కాపురము మొదటిదానిని ఇచ్చినదని చెప్పలేము. అన్నము విషయమున రెండవదానిని ఇచ్చినదని చెప్పవచ్చును. ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును ఈ సర్వజనవాక్యము స్పష్టముగా అన్వయింపబడలేదు. ఒకే భాగపు ఆదాయమున నడచు మూడు సంస్థలలో ఒకదాని వాకిలి అందరికిని తెరచియుండగా తక్కిన రెండును పూర్తిగా మూయబడి యుండెననుట కష్టము. తెరచియే యుండెననుటకును ప్రమాణము చాలదు.

ఆధారము - దౌర్బల్యము

ఈ వ్యవస్థ అంతయు భూమిపై నిలిచినది. భూమినుండి వచ్చు ఫలమును పండించినవారు మందర వెలంగపూండి గ్రామముల రైతులు, పాలేర్లు. వారి శ్రమయే వైద్యుని జీతము, విద్యార్థి కూడు, బాటసారి అన్నము. దానకర్తల పేర్ల వెనుక మరుగుపడిన ఈ దాతలను గూర్చి శాసనము మౌనము వహించినది.

వంశపారంపర్య వృత్తి యందొక గుణమును ఒక దోషమును కలవు. జీతమునకై ఏటేట ఎవరినో యాచింపనక్కరలేకుండుట గుణము. పల్లెయందు వైద్యుడు స్థిరముగా నుండుటకు అదియే కారణము. తండ్రి నేర్పు కొడుకునకు లేకున్నను భూమి అతనికే చెందుట దోషము. దీనిని సవరించుటకు పర్యవేక్షకుడైన ఆచార్యుడు కలడు. ఆ ఆచార్యునకు అండ రాజ్యము. క్రీ.శ. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ రాజ్యము అంతరించినది. రాజగురువుల ఆజ్ఞకు రాజబలము తోడుగానున్న కాలము దానితో ముగిసినది. ఒక వ్యక్తి దూరదృష్టిపైనను ఒక వంశము రక్షణపైనను నిలిచిన ప్రజోపయోగ సంస్థకు ఆ రెండింటి అనంతరము నిలకడ దుర్లభము. గ్రామముల పేర్లు మిగిలినవి, శిలాస్తంభము మిగిలినది, ప్రసూతిశాల మిగులలేదు.

ఉపసంహారము

గుంటూరు మండలమున స్త్రీలకు వైద్యము అను విషయము మరల చరిత్రపుటల కెక్కుటకు చాలకాలము పట్టినది. అమెరికా లూథరను మిషనుకు చెందిన వైద్యురాలు అన్నా కుగ్లరు 1883లో గుంటూరునకు వచ్చెను. ఆమె కృషిచే 1898లో అచట స్త్రీల వైద్యశాల తెరువబడినది. అదియును పట్టణమునందే. పల్లెకు వైద్యము చేరవలెనను సిద్ధాంతమును 1946 నాటి భోరు సంఘము నివేదిక బలముగా ప్రతిపాదించినది. 1952లో ప్రారంభమైన సమాజ వికాస పథకముతోపాటు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు వెలయసాగినవి. మల్కాపురము శాసనమునకును ఈ కేంద్రములకును నడుమ దాదాపు ఏడు శతాబ్దములు గడచినవి. ఈ రెండింటికిని పరంపరాసంబంధము లేదు. ప్రశ్న మాత్రము ఒక్కటియే: వైద్యుడు పల్లెలో నిలుచుటెట్లు? వాకిలి అందరికి తెరచియుండుటెట్లు? పోషణ ఏటేట లోటుపడకుండుటెట్లు?

2015లో ఈ ప్రాంతపు గ్రామములు అమరావతి రాజధాని నిర్మాణమునకై భూసమీకరణమున చేరినవి. మందడము, మల్కాపురము, వెలగపూడి ఆ గ్రామములలోనివి. 2016 నుండి వెలగపూడియందు రాష్ట్ర సచివాలయము నెలకొనినది. రుద్రమదేవి ఏ గ్రామమును తన వంతుగా దానమిచ్చెనో ఆ గ్రామముననే నేడు రాష్ట్రమంతటి వైద్యవిద్యాలయముల వ్యయమును నిర్ణయించు కార్యాలయములుండుట కాకతాళీయమే. కాని కాకతాళీయము సైతము మనకు కొంత స్మరణ కలిగింపవచ్చును. గ్రామాదాయమున దేవాలయముతో సమానమైన పాలును తల్లుల కొరకును, రోగుల కొరకును, ఆకలిగొన్నవారి కొరకును వేరుచేసి, ఆ లెక్కను ఎల్లరకును కనబడునట్లు ఊరినడుమ రాతిపై చెక్కించిన పద్ధతి నేటికిని ఆదర్శప్రాయమైనదే.

వైద్యవృత్తులను, సత్రములను, చలిపందిళ్లను, బావులను పేర్కొను శాసనములు ఆంధ్రదేశమున ఇంకను పెక్కు విడివిడిగా పడియున్నవి. వానిని జిల్లాలవారిగా కూర్చి, ఏ సేవకు ఎంత భూమి, ఎవరికి ప్రవేశము అను దృష్టితో పరిశీలించినచో మన గ్రామచరిత్రకు గట్టి పునాది యేర్పడును. రాజధానీ నిర్మాణమున నేల రూపు మారుచున్న ఈ సీమయందు ఆ పని సత్వరముగా జరుగవలసియున్నది. యువపరిశోధకులు ఇందుకు పూనుకొందురుగాక.